మా మిరపకారు పందెం

"ఆ రోజుల్లో" అని మొదలుపెడితే చాలు, మా అన్నయ్య పగలబడి నవ్వుతాడు. "నీకెన్నేళ్ళొచ్చినయ్యే, ఆ రోజులూ ఈ రోజులూ అనడానికి?" అంటాడు. నిజమే, నేనేం ముసలమ్మని కాదు. కానీ ఇంటర్ రెండోసారి కూడా తప్పి, ఏ సబ్జెక్టు పోయిందని అడిగినవాళ్ళతో "ఏది మిగిలిందో అడగండి, తొందరగా అయిపోద్ది" అని చెప్పి, జడలో ఇనప రజనూ చేతులకి రెడ్ ఆక్సైడ్ మరకలతో అద్దంకి రోడ్డు పక్కన మా నాన్న వెల్డింగ్ షెడ్డులో తిరిగిన ఆ పిల్లని తల్చుకుంటే, అది నేనేనా అనిపిస్తుంది. ఆ పిల్లకి భయం లేదు. బుద్ధి కూడా పెద్దగా లేదు. కానీ ఒక రేసు కారు తయారుచేసింది. (ఒక్కతే కాదు, అన్నయ్యతో కలిసి. ఇది చదివి గొడవ పెట్టుకుంటాడని ముందే రాసేస్తున్నా.)

మా షెడ్డులో ట్రాక్టర్ ట్రక్కులకి రేకులు మార్చేవాళ్ళం, గొర్రులూ నాగళ్ళూ బాగుచేసేవాళ్ళం. నా పని గ్రైండింగ్ పట్టడం, రంగు వేయడం, టీ తేవడం. వెల్డింగ్ కూడా నాకొచ్చు. నాన్న భోజనానికి వెళ్ళినప్పుడల్లా చిత్తు ముక్కల మీద నేర్చుకున్నాను. ఆ సంగతి నాన్నకీ తెలుసు. తెలిసినా, రైతు తెచ్చిన సామాను మీద నన్ను చెయ్యి వేయనిచ్చేవాడు కాదు. "నీ అతుకు ఊడిందనుకో, పోయేది నీ పేరు కాదమ్మాయ్, నా పేరు" అనేవాడు. పైగా చీరాల్లో మా మేనత్తకి బట్టల కొట్టుంది. నన్ను అక్కడ కూర్చోబెట్టాలని ఆయన ఆశ. "ఫ్యాను కింద పని, చేతికి మసంటదు, పదిమందీ గౌరవంగా చూస్తారు" అని రోజూ అన్నంలోకి పచ్చడిలా వడ్డించేవాడు. నాకేమో చీర మడతలు విప్పి మళ్ళీ మడతపెట్టడం అనుకుంటేనే నీరసం వచ్చేది.

అలాంటి టైములో ఆ కారు వచ్చింది. మిరపకాయల వ్యాపారం చేసే షావుకారు ఒకాయనకి చిన్న పాత కారుండేది. ఊళ్ళు తిరిగి వెనక సీట్లో మిరపకాయల బస్తాలు వేసుకొచ్చేవాడు. అడుగు రేకు తుప్పుపట్టి, సీట్లో కూర్చుంటే కాళ్ళ మధ్యనుంచి రోడ్డు కనిపించేది. అతకమని మా షెడ్డులో వదిలి, ఆ వారంలోనే పెద్ద కారు కొనుక్కుని, "దాన్ని మీరే ఏదో ఒకటి చేసుకోండయ్యా" అనేశాడు. వర్షాలకి అది షెడ్డు వెనకే నానింది. ఒకరోజు వెనక సీటు ఎత్తి చూద్దును కదా, తుప్పులో పేరుకున్న మట్టిలోంచి మిరప మొక్క మొలిచి ఉంది! మా అమ్మ దాన్ని జాగ్రత్తగా పెకలించి డబ్బాలో పెట్టుకుంది. "ఈ కారు వల్ల మనకి దక్కింది ఇదొక్కటే" అంది.

అప్పుడే అన్నయ్య ఫోన్లో ఒక వార్త చూశాడు. పొదిలి వెళ్ళే దారిలో, పత్తి పీకేసిన మెట్టపొలాల్లో, డొంకదారుల మీద కార్ల పోటీ పెడుతున్నారట. కారు మనం తయారుచేసుకున్నదైనా ఫర్వాలేదు, బోల్తాపడ్డా మనుషులు నలగకుండా లోపల గట్టి ఇనప పంజరం ఉండాలి, తోలేవాడి పక్కన మలుపులు చెప్పే మనిషి ఉండాలి. అన్నయ్య నా వంక చూశాడు. నేను అన్నయ్య వంక చూశాను. ఇద్దరం కలిసి ఆ కారు వంక చూశాం. నాన్న మా ముగ్గురి వంకా చూసి, "ఏరా, మతిగానీ పోయిందా?" అన్నాడు.

రెండు రోజులు ఇంట్లో యుద్ధం. చివరికి నాన్నే విసిగిపోయి తీర్పు చెప్పాడు. "సరే, ఏడవండి. అమ్మాయ్, ఆ బండి దాని కాళ్ళమీద అది ఇంటికొచ్చిందనుకో, నువ్వు షెడ్డులోనే ఉండు, ఎవురి సామానైనా అతుకు. నేను ట్రాక్టరుకి గొలుసేసి లాక్కొచ్చానా, మర్నాడు పొద్దున్నే చీరాల బస్సు. ఏడుపులుండవు, అలకలుండవు." నేను వెంటనే ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక గానీ కారు స్టార్టవ్వదని గుర్తురాలేదు.

దాన్ని స్టార్టు చేసింది మా కరెంటు మామ. పక్క కొట్లో బళ్ళకి వైరింగ్ చేస్తాడు. సాయిబుల ఇంటి మనిషి, కానీ మేం పుట్టినప్పటినుంచీ మాకు మామే. మూడు మధ్యాహ్నాలు బానెట్ కింద తల దూర్చి, తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టి, ఇంజన్ని లేపాడు. ఆ సంబరంలో అన్ని స్విచ్చులూ పరీక్షిద్దామని బ్లోయరు కూడా నొక్కాడు. ఎన్నేళ్ళ మిరపకారం ఆ గొట్టాల్లో దాక్కుందో! ఒక్కసారిగా మా మొహాల మీదికి ఎర్రటి మేఘం కొట్టింది. మామ ఒక డోరు, అన్నయ్య ఒక డోరు, నేను కిటికీ. షెడ్డు ముందు నిలబడి ముగ్గురం తుమ్ముతూనే ఉన్నాం. ఇంట్లోంచి అమ్మ కేకేసింది, "పోపు మాడ్చిందెవరే?" అని. మామ కళ్ళు తుడుచుకుంటూ, "అమ్మాయ్, మీరు పందెం గెలవాలంటే ముందు పోయి వెనకోళ్ళ మీదికి ఇది వదలండి, చాలు" అన్నాడు. ఆ రోజే దానికి మిరపకారు అని పేరు పెట్టి, డోరు మీద రెండు ఎర్ర మిరపకాయలు వేశాను. (ఒకటి వంకాయలా వచ్చింది. అది మాత్రం ఎవరికీ చూపించేవాళ్ళం కాదు.)

వెనక సీట్లు పీకేశాం, అద్దాలు ఊడదీశాం. కింద ఇంజనుకి రాళ్ళు తగలకుండా పాత ట్రక్కు రేకు వంచి అడ్డం పెట్టాం. పంజరం మాత్రం మొత్తం నేనే అతికాను. అన్నయ్య పైపులు కోసి ఇస్తుంటే, మసిబారిన అద్దం మొహానికి అడ్డం పెట్టుకుని, కారులో వంకరగా దూరి, కొన్నిసార్లు తలకిందులుగా పడుకుని అతికాను. జుట్టు కాలిన వాసన ఇంకా గుర్తుంది. నాన్న దగ్గరికి వచ్చేవాడు కాదు. దూరం నుంచి మెడ సాచి చూసి, "ఆ మూల ఇంకో పూత పడాలి" అని గాల్లోకి అనేవాడు. నాతో కాదన్నమాట, షెడ్డుతో.

కారు తయారైంది. అసలు కష్టం అప్పుడు మొదలైంది. మలుపులు నేను చెప్పాలి, అన్నయ్య తిప్పాలి. మా అన్నయ్య బండి తోలడంలో ఎవరికీ తీసిపోడు, కానీ కంగారులో లెఫ్టేదో రైటేదో తెలియదు. లెఫ్టంటే కుడికి తిప్పేవాడు, రైటంటే కూడా కుడికే తిప్పేవాడు. ఎడమ, కుడి అని చెప్పి చూశాను. "ఎడమంటే అన్నం తినని చెయ్యి కదూ" అని ఆలోచించేలోపు కారు ఒకరి శనగ చేలో ఉండేది. ఆ చేనాయనకి ఇద్దరం దండాలు పెట్టి బయటపడ్డాం. తిరిగొస్తూ మళ్ళీ తప్పు తిప్పబోయాడు. నాకు ఒళ్ళు మండి, మా తాతయ్య అరక తోలేటప్పుడు అరిచినట్టే అరిచాను. "దాపటకి కొట్టరా మొద్దూ!"

కారు తాడు పట్టి లాగినట్టు ఎడమకి తిరిగింది.

ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. అరకలో ఎడమ పక్క ఎద్దు దాపటది, కుడి పక్కది ఎలపటది. అన్నయ్య చిన్నప్పుడు తాతయ్య వెనకే అరక పట్టి తిరిగాడు. ఆ మాటలు వాడికి బుర్రతో పనిలేకుండా నేరుగా చేతుల్లోకే వెళ్ళిపోతాయి. ఇక ఆ రోజునుంచి మాకు లెఫ్టుల్లేవు, రైటుల్లేవు. "బాగా దాపట", "కొంచెం ఎలపట", స్పీడు పెంచాలంటే "హెయ్ హెయ్", బ్రేకు వేయాలంటే ఎద్దుల్ని ఆపినట్టే "హో!"

పోటీ రోజు నాన్న రానన్నాడు. మేం వెళ్ళేసరికి అక్కడ మెరిసే కార్లు, రంగు రంగుల డ్రెస్సులు, గట్ల మీద ట్రాక్టర్లెక్కి కూర్చున్న జనం. మా కారు చూసి ఒకాయన, "ఇది పందేనికొచ్చిందా, మిరపకాయల యార్డుకా?" అన్నాడు. నేను "ముందు పందెం, తర్వాత యార్డుకి" అన్నాను. కార్లు పరీక్షించే పెద్దాయన చిన్న సుత్తితో పంజరం అతుకులన్నీ కొట్టి చూశాడు. నా గుండె ఆ సుత్తి కిందే ఉంది. అంతా చూసి, "బాగా చేశారు. ఎవరు అతికింది?" అన్నాడు. అన్నయ్య భయపడి, ఆడపిల్లంటే ఎక్కడ కాదంటారోనని, "మా నాన్నండి" అన్నాడు. నేను వాడి కాలు తొక్కి, "ఆ నాన్నని నేనేనండి" అన్నాను. ఆయన నా జడ చూసి, చేతుల మీద నిప్పురవ్వల మచ్చలు చూసి, "అయితే మీ నాన్నకి నా నమస్కారాలు చెప్పమ్మా" అని నవ్వి స్టిక్కరు అంటించాడు. అన్నయ్య ఆ రోజు కుంటుతూనే కారెక్కాడు.

జెండా ఊపగానే నాకు ప్రపంచం గుర్తులేదు. కొంచెం ఎలపట! హెయ్ హెయ్! బాగా దాపట, బాగా దాపట, హో! ఎర్ర దుమ్ము, నల్ల దుమ్ము, పొలాల పక్కన కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయలు, అన్నీ గీతల్లా వెనక్కి పోతున్నాయి. గట్ల మీద రైతులకి మా మాటలు వినపడి ఒకటే ఈలలు. "ఒరేయ్, అరక తోల్తన్నార్రా కారుని!" అని ఎవరో అరిచారు. పంజరం ఒక్క చోట కూడా కిర్రుమనలేదు. ఆ శబ్దం రానందుకే నాకు ఏడుపొచ్చింది, అంత గర్వం.

ఇంకొక్క చిన్న కల్వర్టు ఎక్కి దిగితే ముగింపు గీత. ఎక్కుతున్నాం. సరిగ్గా అప్పుడు, పక్క డొంకలో గేదెలు బెదిరాయి కాబోలు, తోలుకెళ్ళే తాత ఒకాయన గొంతు చించుకుని అరిచాడు, "హో! హో! హో!"

అన్నయ్య బ్రేకు మీద నిలబడ్డాడు. కారు కల్వర్టు ఎక్కుడులో ఆగి, ఒక దగ్గు దగ్గి, ఆరిపోయింది.

"ఎందుకాపావురా!"

"నువ్వే కదే హో అన్నావ్!"

"నేనెక్కడన్నాను, ఆ తాత గేదెల్నన్నాడు!"

గేదెలు మాత్రం ఆగలేదు, దర్జాగా వెళ్ళిపోయాయి. సెల్ఫు కొడితే టిక్కుమంటుంది, తిరగదు. ఇక తోయడమే. నేను దిగాను. బయటివాళ్ళు చెయ్యి వేస్తే పందెంలోంచి తీసేస్తారు. అన్నయ్య ఒక కాలు కింద పెట్టి, ఒక చెయ్యి స్టీరింగు మీద ఉంచి తోస్తున్నాడు, నేను వెనకనుంచి. ఎక్కుడు కదా, రెండడుగులు ముందుకి, అడుగు వెనక్కి. అప్పుడు చూశాను. గట్టు మీద ట్రాక్టర్ల వరసలోంచి మా ట్రాక్టరు దిగుతోంది. నాన్న! భుజాన గొలుసు.

నాకు చీరాల బస్సు హారను వినిపించింది. "నాన్నా! గొలుసు కింద పెట్టు! ముందు కింద పెట్టు!" అని అరిచాను.

"ఎండలో ఎంతసేపు తోస్తావే?"

"పొద్దుగూకేదాకా తోస్తా! నువ్వు రాబాక!"

ఈలోపు జాలిపడి నలుగురైదుగురు కుర్రాళ్ళు సాయం పట్టడానికి పరిగెత్తుకొచ్చారు. నాన్న ట్రాక్టరు దిగి, గొలుసు నేలమీద పడేసి, వాళ్ళకి అడ్డంగా రెండు చేతులూ చాచాడు. "ఎవురూ చెయ్యెయ్యొద్దు! ఆళ్ళ కారు. ఆళ్ళే తోసుకుంటారు" అన్నాడు. ఆ మాట విన్నాక నాకెక్కడినుంచి వచ్చిందో బలం, కల్వర్టు ఎక్కించాం. అన్నయ్య లోపలికి దూకాడు. కారు అవతలికి దొర్లింది, క్లచ్ వదిలాడు, ఇంజను గర్జించింది, మిరపకారు రివ్వుమని పోయింది. నేను మాత్రం కల్వర్టు మీదే ఉన్నాను, రెండు చేతులూ ముందుకి చాచి, గాలిని తోస్తూ.

గీత దాటాక అక్కడి అధికారి, "పక్క మనిషేదయ్యా?" అన్నాడట. అన్నయ్య ఖాళీ సీటు చూసి బిత్తరపోయి, "ఇప్పటిదాకా అరుస్తానే ఉందండి!" అన్నాడట. ఇద్దరూ కారులో ఉంటేనే లెక్క. మా పేరు పట్టికలో ఎక్కలేదు. నేను పరిగెత్తుకుంటూ గీత దాటితే మాత్రం జనం కొట్టిన చప్పట్లు గెలిచినవాళ్ళకి కూడా పడలేదు. (ఇది అన్నయ్య కూడా ఒప్పుకుంటాడు.)

ఆగితే మళ్ళీ లేవదని ఇంజను ఆపకుండానే ఇంటికి బయల్దేరాం. మా వెనకే నాన్న ట్రాక్టరు, గొలుసు గలగల. ఆగిపోతామని వస్తున్నాడా, తోడొస్తున్నాడా అని అన్నయ్య అడిగితే, నేను వెనక్కి తిరిగి చూడలేదు. షెడ్డు ముందు మిరపకారు దాని కాళ్ళమీద అది వచ్చి నిలబడింది. అమ్మ హారతి తెచ్చి, ముందు కారుకిచ్చి తర్వాత మాకిచ్చింది. నాన్న చేతులు కడుక్కుని భోజనానికి కూర్చున్నాడు.

మర్నాడు ఒక రైతు కొక్కెం విరిగిన ట్రక్కు తెచ్చాడు. నాన్న చూసి, "మా అమ్మాయి అతుకుద్ది" అన్నాడు. ఆ రైతు నసిగాడు. "ఊడితేనో?" అన్నాడు. నాన్న టీ తాగుతూ, తల తిప్పకుండా, "పేరు నాదేగా. ఊడదులే" అన్నాడు. మొహానికి అద్దం అడ్డం పెట్టుకోవడం ఎంత మంచిదో ఆ రోజు తెలిసింది. లోపల ఏడ్చినా ఎవరికీ కనపడదు.

ఇప్పటికీ షెడ్డులోనే ఉన్నాను. బోర్డు మీద నాన్న పేరు పక్కన నా పేరు కూడా ఉంది. మొన్న పొదిలి వైపు పని మీద స్కూటీ వేసుకెళ్ళాను. హెల్మెట్టు పెట్టుకుని, గుంత గుంతకీ బ్రేకు వేసుకుంటూ, రోడ్డు అంచు పట్టుకుని నెమ్మదిగా పోతున్నాను. వెనకనుంచి ఎవరో కుర్రపిల్ల, వాళ్ళ నాన్న మోటారు సైకిలు మీద కాబోలు, ఒకటే హారను కొడుతూ వచ్చింది. పక్కకి తప్పుకుని దారిచ్చాను. అది దుమ్ము లేపుకుంటూ పోతుంటే, ఆ దుమ్ములో నిలబడి చాలాసేపు నవ్వుకున్నాను. అప్పటి నేనైతే చచ్చినా దారిచ్చేదాన్ని కాదు.