ఇంకొక్క లైను

ఆదోనిలో పత్తి మిల్లు పనివాణ్ణి గుర్తుపట్టడానికి పేరు అడగాల్సిన పని లేదు. తల చూస్తే చాలు, దూది ఉంటుంది. నాగేష్ తలలో పద్దెనిమిదేళ్ళుగా ఉంది. జిన్నింగ్ యంత్రానికి పత్తి అందించడం అతని పని. గింజ ఒక పక్కకు, దూది ఒక పక్కకు పోతాయి. ఎటూ పోనిదంతా అందించేవాడి మీద పడుతుంది. సాయంత్రం ఆరుకు స్టేషన్ వెనక వీధిలోని ఒంటి గది ఇంటికి వచ్చి గడప మీద కూర్చుంటే, నాలుగో తరగతి చదివే కూతురు హేమ వెనక నిలబడి ఆ దూదిని పోగు పోగుగా ఏరేది. "కదలద్దు నాయనా!" అని గదిమేది. పొద్దంతా మేస్త్రీతో గదిమించుకున్న మనిషే, ఈ గదిమింపు కోసం మాత్రం బిరబిరా ఇంటికి వచ్చేవాడు.

భార్య పద్మ ఊళ్ళో లేదు. బెంగళూరు వెళ్ళి ఏడు నెలలైంది. పత్తి మిల్లు ఏడాదిలో ఆరు నెలలు తిరిగితే గొప్ప, కడుపులు మాత్రం పన్నెండు నెలలూ ఉంటాయి. పద్మ పుట్టింది కర్ణాటక సరిహద్దులో, హాలహర్వి దగ్గర పల్లెలో కాబట్టి కన్నడం కూడా తెలుగంత ధారాళంగా వస్తుంది. ఆ కన్నడమే ఆమెకు పని ఇప్పించింది. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఆఫీసులకు పోయే ఇంట్లో, ఒకటో తరగతి చదివే వాళ్ళ పాపను చూసుకోవాలి. అక్కడే తిండి, అక్కడే పడక. రెండు నెలలకొకసారి వచ్చి మూడు రోజులుండి పోతుంది. మిగతా రోజుల్లో భార్య అంటే నాగేష్‌కు ఏడున్నరకు మోగే ఫోను.

ఇక హేమ సంగతి. ఆటలో చురుకు, మాటలో చురుకు. హోంవర్కు అనగానే మాత్రం ఒళ్ళు బరువెక్కేది. బడి నుంచి వచ్చిన సంచి మూలన పడితే మళ్ళీ లేచేది కాదు. నాగేష్ బతిమాలి చూశాడు. ఉగ్గాని బజ్జి తెచ్చి ఎదురుగా పెట్టి చూశాడు. పిల్ల బజ్జీలు తిని, చేతులు గౌనుకు తుడుచుకుని, "రేపు రాస్తాలే నాయనా" అంది. చివరికి తన కథే ఎత్తుకున్నాడు.

"నేను ఐదు సదువుతాండంగా మా నాయన ఊరు ఇడిసి సుగ్గికి, కోతల కూలికి పిలసకపోయినాడు. మిరప చేన్లో పడినా. అట్లే సదువు పాయ. సదువుకోనుంటే ఈ దూది మింగే బతుకుంటుండెనా? సెప్పు."

"నువ్వు రాయలేదు గదా నాయనా. నన్నొక్కదాన్నే ఏంటికి రాయమంటావు?"

నాలుగో తరగతి లాయరు ముందు నాగేష్ వాదన వీగిపోయింది. ఒక రోజు విసుగెత్తి వీపు మీద ఒకటి వేశాడు. హేమ ఏడవలేదు. ఆ సాయంత్రం అతని తలలో దూది ఏరలేదు, అంతే. అతను ఆ దూదితోనే పడుకున్నాడు. తెల్లారి దిండు మీద తెల్లగా రాలిన పోగులు చూసి, ఇక ఈ జన్మలో పిల్ల మీద చెయ్యి ఎత్తకూడదనుకున్నాడు.

ఏడున్నరకు ఫోను వస్తే మాత్రం హేమ స్పీకరు పెట్టి సంచి తెచ్చుకునేది.

"రాసినావా పాపా?" అనేది పద్మ.

"లేదుమా."

"ఏంటికి రాయలేదు? పుస్తకం తెరువు. నేనుండా గదా, ఒక్కొక్క లైనే రాస్తాం. మొదటిది సదువు."

హేమ చదివేది, రాసేది, రబ్బరుతో చెరిపేది, మళ్ళీ రాసేది. "అయిందా? ఇంకొక్క లైను" అనేది పద్మ. నాగేష్ గడప మీద కూర్చుని వినేవాడు. ఆ అరగంట ఇంట్లో ముగ్గురున్నట్టు ఉండేది. ఎనిమిది కొట్టేసరికి పద్మ గొంతు తగ్గిపోయేది. "మేడమ్ వచ్చింది, మిగిలింది నువ్వే రాయి" అని పెట్టేసేది. హేమ వెంటనే పుస్తకం మూసేసేది. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు, ఆపైన ఎవరు చెప్పినా వినదు. ఫోనులో నాగేష్ వాటాకు రెండు ముక్కలు దక్కేవి. తిన్నావా అంటే తిన్నానని. చాలాసార్లు అవి కూడా దక్కేవి కావు.

అలా ప్రతి హోంవర్కూ సగమే. ఫిబ్రవరిలో టీచరమ్మ నాగేష్‌ను బడికి పిలిపించి, పేజీ పేజీకీ సగంలో కొట్టిన ఎర్రగీతలు చూపించింది. బడిలో రాసిచ్చిన నంబరు పద్మదే కాబట్టి ఆమెకూ ఫోను చేసి చెప్పింది.

కబురు ఎమ్మిగనూరు దాకా పోయింది. అక్కడ నాగేష్ అక్క భీమక్క ఉంది. మొగుడు మగ్గం నేస్తాడు, పక్కింట్లోనే ట్యూషన్ ఉంది, ఆమె పిల్లలిద్దరూ వరసగా ఫస్టు. ఆదివారం బస్సెక్కి వచ్చి, మంచినీళ్ళు కూడా తాగకుండా మొదలుపెట్టింది.

"మొక్కై వంగనిది మానై వంగుతాదేమిరా? ఆడపిల్ల, తల్లి దగ్గర లేదు, నువ్వు మిల్లు వదల్లేవు. నా దగ్గరికి తోలు. నా పిల్లలతో పాటే పడుంటాది."

ఆమె మనసులో కల్మషం లేదు. అందుకే నాగేష్ వద్దనలేకపోయాడు. ఆ సాయంత్రం పద్మే ఫోనులో తేల్చేసింది. "ఎండాకాలం సెలవుల దాకా సూద్దాం. అప్పటికీ ఇట్లే ఉంటే అక్కతో పంపీ."

ఎండాకాలం సెలవులంటే మిల్లు కూడా ఆగే రోజులు. భార్య బెంగళూరులో, కూతురు ఎమ్మిగనూరులో, తను ఈ నాలుగు గోడల మధ్య. ఎవరికి వారే యమునా తీరే. ఆ మధ్యాహ్నాలు నాగేష్ తలుచుకోవడానికే ఇష్టపడలేదు. ఎట్లాగైనా ఈ పిల్ల చేత పూర్తిగా రాయించాలి, ఎట్లాగైనా పిల్లను దగ్గర పెట్టుకోవాలి అనుకున్నాడు.

మార్చిలో ఒక రోజు కరెంటు పోయి మిల్లు నాలుగున్నరకే ఆగింది. నాగేష్ పరుగున ఇంటికి వచ్చి హేమ పక్కన చాప వేసుకుని కూర్చున్నాడు. "ఈపొద్దు అంతా రాసినావంటే ఆదివారం మంత్రాలయం పిలసకపోతా. ఏట్లో ఎంతసేపైనా ఆడుకో" అన్నాడు. హేమ కాసేపు ఆలోచించి పెన్సిలు తీసింది. తెలుగు పేజీ, ఎదురుగా ఇంగ్లీషు పేజీ, లెక్కలు, మొత్తం నలభై నిమిషాల్లో ముగించింది. ఒక్క తప్పు లేదు, ఒక్క చెరుపు లేదు. నాగేష్ నోరు తెరిచాడు. ఇంత వచ్చిన పిల్లా అరగంటకు అరపేజీ రాసేది?

ఫోను మోగగానే తనే అందుకున్నాడు. "రాసేసింది! అంతా రాసేసింది!"

"అవునా! నా బంగారుతల్లి" అంది పద్మ, ఫోను కూతురి చేతికి పోయాక. "ఇట్లే రాయల్ల రోజూ. సరే మల్ల, తిని పండుకో. పెడతాండా."

పెట్టేసింది. హేమ ఫోను తెర వైపు చూసింది. గోడకు తిరిగి కూర్చుని, సద్దు లేకుండా ఏడవడం మొదలుపెట్టింది.

"ఏమైంది పాపా? అమ్మ మెచ్చుకున్యాది గదా!"

"ఒక నిమిషం పది సెకండ్లు" అంది హేమ.

"ఏమి?"

పిల్ల నోటుబుక్కు చివరి పేజీ తెరిచి చూపించింది. తేదీలు, పక్కన అంకెలు. ఇరవై తొమ్మిది, ముప్పై, ఇరవై ఏడు, ముప్పై. మధ్యలో ఎప్పుడో ఒకచోట రెండు, మరోచోట ఒకటి. ఆ రోజుల్లో బడిలోనే హోంవర్కు రాయించేశారట.

"రాయకుంటేనే అమ్మ శానాసేపు ఉంటాది" అంది హేమ ముక్కు ఎగబీలుస్తూ. "ఆడ ఆ పాపను పక్కన కూసోబెట్టుకోని రాయిస్తాది. 'బరి పుట్టీ, ఇన్నొందు సాలు' అంటాది. నాకు ఇనపడదా? ఆ పాపకు రాదు గాబట్టే పక్కన కూసుంటాది. నాకూ రాకపోతేనే గదా నాకూ సెప్తాది."

రాయి పాపా, ఇంకొక్క లైను. ఆ కన్నడ ముక్క నాగేష్ కూడా రోజూ విన్నాడు. ఫోనులో వెనక ఏవో సద్దులుంటాయి, అందులో అదొకటి అనుకున్నాడు. చెవులుండీ చెవిటివాడినైనాను అనుకున్నాడు ఇప్పుడు. ఇంకో సంగతి కూడా తోచి సిగ్గుపడ్డాడు. పిల్ల సగంలో ఆపేస్తోందని పైకి బాధపడ్డాడు గానీ, ఆ సగం పని వల్ల ఇంట్లో పద్మ గొంతు అరగంట వినిపిస్తోందని లోపల తనకూ హాయిగానే ఉండింది.

మర్నాడు సాయంత్రం దూది ఏరించుకుంటూ మెల్లగా అన్నాడు. "హేమా, ఏడు లోపల అంతా రాసేయి. అమ్మ ఫోన్ జేస్తే రాయలేదని సెప్పు."

ఏరే చెయ్యి ఆగింది. "అబద్ధమా? పాపమొస్తాది గదా నాయనా!"

"వస్తే నాకొస్తాదిలే. నువ్వు రాయి."

అంతే, బండి దారిన పడింది. ఏడుకు పుస్తకం నిండేది. ఏడున్నరకు హేమ నిండిన పేజీ ముందు పెట్టుకుని, "లేదుమా" అని, ఒక్కొక్క లైనూ చదువుతూ, "రాస్తాండామా, ఆగుమా" అంటూ పెన్సిలు వెనక వైపుతో కాగితం మీద గీసేది. బడిలో టీచరమ్మ ఎర్రగీతలు మానేసి టిక్కులు పెట్టింది. అంతా బాగానే ఉంది. ఒక్కటే చిక్కు. పద్మ రోజూ పెద్దగా నిట్టూర్చేది. "ఈ పిల్ల మారదు, ఇంగ మారదు" అనేది. మారదనుకునే తల్లి, ఎమ్మిగనూరు మాట వెనక్కి ఎందుకు తీసుకుంటుంది? చెబితే ఫోను పోతుంది, చెప్పకపోతే పిల్ల పోతుంది. నాగేష్ ఆ ముడి విప్పలేక, రేపు చూద్దాం, రేపు చూద్దాం అని కూతురిలాగే వాయిదా వేశాడు.

ఏప్రిల్‌లో మిల్లు సీజను ముగిసి యంత్రాలు ఆగాయి. ఆఖరి రోజున యంత్రాలన్నీ ఊడ్చి ఇంటికి వచ్చేసరికి గడపలో భీమక్క చెప్పులు కనిపించాయి. బడికి కూడా ఆ రోజుతోనే సెలవులు. హేమ మూల నిలబడి, గౌన్లు సంచిలోకి పోవడం చూస్తోంది. నాగేష్ లోపలికి రాకుండానే వీధి చివరకు నడిచి పద్మకు ఫోను చేశాడు. ఏడున్నర కాకుండానే తను చేయడం అదే మొదలు.

"పాపకేమైనా అయిందా?" అంది పద్మ, ఎత్తగానే.

"ఏం కాలేదు. నేనొక తప్పు సేసినా." అంతా చెప్పేశాడు. నిమిషాల లెక్క, ఆ పాప సంగతి, పెన్సిలు వెనక వైపు, అన్నీ. ఫోను తెగిందేమోనని తెర చూశాడు. తెగలేదు.

"నాకు తెలుసు" అంది పద్మ చివరికి. "టీచరమ్మ నెల కిందటే ఫోన్ జేసింది. పాప అన్నీ రాస్తాంది, ముందు నిలబడతాది అనింది."

"మల్ల రోజూ ఏంటికి అడుగుతాంటివి? ఆ నిట్టూర్పులేంది?"

"ఈ ఇంట్లో హాల్లో కెమెరా ఉంది. మేడమ్ ఆఫీసు నుంచే సూస్తాది, ఇంటాది. ఊరికే మాట్లాడితే నచ్చదు. కూతురి సదువు అంటే మాత్రం మాట్లాడుకో అనింది. పాప రాసేసినానంటే ఇంగ నేనేం సెప్పి మాట్లాడల్ల? ఇప్పుడు గూడా కెమెరాకు కనపడకుండా బయట మెట్ల మీద కూసోనుండా."

"మల్ల అక్కతో పంపీ అంటివే?"

"నువ్వొక్కనివే సూసుకోలేకుండావేమో అనుకుంటి. నువ్వు వద్దంటావని సూసినా. నువ్వు అనకపోతివి."

"వద్దు" అన్నాడు, రెండు నెలలు ఆలస్యంగా. "పాప ఈడనే ఉండల్ల. నాకు శానా ఒంటిగా ఉంటాది పద్మా." పెళ్ళయిన పన్నెండేళ్ళలో అలాంటి మాట అనడం అతనికి అదే తొలిసారి. పద్మ ఏడుస్తోందని మెట్ల మీద ప్రతిధ్వనిని బట్టి తెలిసింది.

ఇంటికి వచ్చి సంచిలోని గౌన్లు ఒక్కొక్కటే తీసి మళ్ళీ దండెం మీద వేశాడు. భీమక్క నడుం మీద చేతులు పెట్టింది. "ఏందిరా ఇది?"

"ఏడున్నర దాకా కూసో అక్కా. తర్వాత నువ్వెట్ల సెప్తే అట్ల."

ఏడున్నరకు ఫోను మోగింది. హేమ తండ్రి వైపు చూసింది. అతను తలూపాడు.

"రాసినావా పాపా?"

"లేదుమా."

"ఏంటికి రాయలేదు? పుస్తకం తెరువు. మొదటిది సదువు."

భీమక్క కళ్ళు పెద్దవి చేసింది. "సెలవులిచ్చినాక హోంవర్కేందిరా..." అనబోయి, హేమ ఒళ్ళో తెరిచిన పుస్తకం చూసింది. ఎప్పుడో రాసి, ఎప్పుడో టీచరమ్మ టిక్కు పెట్టిన పేజీ. ఒకసారి పిల్లను, ఒకసారి తమ్ముణ్ణి చూసింది. ఆపైన ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుంది.

హేమ గడప దగ్గరకు జరిగి, ఎడమ చేత్తో ఫోను పట్టుకుని మొదటి లైను చదివింది. రాసేది లేదు కాబట్టి కుడిచెయ్యి ఖాళీగానే ఉంది. ఆ చేత్తో తండ్రి తలలో ఆ ఏటి ఆఖరి దూది ఏరసాగింది. నాగేష్ కదలకుండా కూర్చున్నాడు.

"అయిందా?" అంది పద్మ బెంగళూరు నుంచి.

"అయితాందిమా."

"సరే. ఇంకొక్క లైను."