బాలనర్సయ్య అన్న మాట

మణికొండలో బాలనర్సయ్య మూడు బర్రెలను అమ్మి ఆటో కొన్నాడు. హైటెక్ సిటీ గుండ్రటి భవనం లేస్తున్న 1998లో ఊరి చుట్టూ మేత తగ్గింది, బడికి పోయే పిల్లలు పెరిగారు. రోజూ తొమ్మిది మందిని మాదాపూర్ బడికి తీసుకుపోయేవాడు.

ఆటో నడిపేవాడికి వెనక ఏం జరుగుతుందో కనపడదు. అందుకే పెద్దపిల్లల్లో ఒకరిని లీడర్ చేస్తారు. బాలనర్సయ్య పదో తరగతి ఆమనిని చేశాడు. కోస్తా నుంచి బదిలీపై వచ్చిన ఇంజనీరు కూతురు. ఎవరెక్కడ కూర్చోవాలో ఆ పిల్ల చెప్పినట్టే.

మణికొండ పిల్ల ప్రశాంతి తొమ్మిదో తరగతి. పొద్దున్నే బర్రెల పాలు పిండి వచ్చి అందరికంటే ముందు ఎక్కేది. తర్వాత ఎక్కిన ఆమని ఆమెను చెక్కసీటు చివరికి జరిపి ముక్కు మూసుకునేది. మిగతావాళ్లూ మూసుకునేవారు. "అంకుల్, మన ఆటోలో బర్రె ఎక్కిందండీ" అని ఆమని అంటే బాలనర్సయ్య కూడా నవ్వేవాడు. ఇంజనీరు కూతురు తనను అండీ అనడం అతనికి బాగుండేది.

ఒకరోజు ప్రశాంతి తల్లి సత్తెమ్మ ఎదుటే ఆ పిల్లతో అన్నాడు: "జర సబ్బు వెట్టి మంచిగ తానం జేసి రా బిడ్డా. అందరు గిట్ల అంటుంటే మంచిగుంటదా?"

మంచి మాటే చెప్పాననుకున్నాడు.

ప్రశాంతి బర్రెల దగ్గరికి పోవడం మానేసింది. అన్నం సరిగా తినేది కాదు. మోచేతుల దాకా చర్మం ఎర్రబడితే సత్తెమ్మ తామర అనుకుంది. సాయంత్రాలు సగం దారిలో, క్వారీ దగ్గరే దిగిపోతానంటే బాలనర్సయ్య ఎందుకని అడగలేదు. ఆమె దిగితే ఆటోలో గొడవ ఉండదు.

డిసెంబరులో ఒక సాయంత్రం రాళ్లు కొట్టేవాళ్లు ఆమెను క్వారీ గుంతలోంచి పైకి లాగారు. నీళ్లలో గరుకురాయితో చేతులు రుద్దుకుంటూ లోతుకు జారింది. ఈత రాదు.

దవాఖానలో డాక్టరు ఆ చేతులు చూసి ఎవరేమన్నారని అడిగాడు. ఆటోలో ఎవరేమనేవారో సత్తెమ్మకు తెలియదు. ఆమని పేరు చెబుదామని బాలనర్సయ్య ముందుకు వచ్చాడు. మంచం మీది పిల్ల అతని వైపు తిరిగింది.

"వాళ్లకు బర్రెలంటే తెల్వదు కాకా. నువ్వెట్ల నవ్వినవ్?"

అతను డాక్టరుకు అంతా చెప్పాడు. ముందు తన పేరే చెప్పాడు.

ఆటోలో జరిగినదానికి మాకేం సంబంధమని బడివాళ్లు అన్నారు. మా పిల్ల సరదాకి అందండీ అన్నాడు ఇంజనీరు. ఇంటికీ బడికీ మధ్య ఉన్న ఆ దారిలో పిల్లలు ఎవరి పిల్లలో ఎవరూ చెప్పరు. అక్కడున్న ఒక్క పెద్దమనిషి నవ్వాడు.

ఆ తర్వాత బాలనర్సయ్య లీడర్‌ను పెట్టలేదు. వెనకంతా కనపడేలా పెద్ద అద్దం బిగించాడు. రోజూ ప్రశాంతి ఇంటి ముందు ఆటో ఆపేవాడు. హారన్ కొట్టేవాడు కాదు. సత్తెమ్మ బయటికొచ్చి, ఇయ్యాల గూడ రానంటుందని చెప్పేదాకా అక్కడే ఉండేవాడు.