దుబాసీ టీచరు చెప్పిన అబద్ధం

లూథరన్ మిషన్ వారి ఆడపిల్లల బడిలో ఆమె చేరింది లెక్కలు చెప్పడానికి. చేరిన మూడో నెలలో విదేశం నుంచి ఒక మిషనరీ టీచరు దిగడంతో ఆమె ఉద్యోగమే మారిపోయింది. వచ్చినావిడకు ఇక్కడి భాష ఒక్క ముక్క రాదు. ఆవిడ భాష గడగడా మాట్లాడగలిగినది బడి మొత్తానికి ఈమె ఒక్కతే. దాంతో ఆవిడ నోరు విప్పిన చోటల్లా ఈమె పక్కన నిలబడాల్సి వచ్చింది. తరగతిలో, ప్రార్థనలో, పిల్లల తల్లుల ముందు, ఆఖరికి కుళాయి బాగుచేసే మనిషితో పేచీలో కూడా. ఏడాది తిరిగేసరికి అందరూ ఈమెను దుబాసీ టీచరు అనడం మొదలుపెట్టారు. వచ్చినావిడ మిషనమ్మగారు అయింది.

మిషనమ్మగారు మంచి మనిషి. హాస్టలు పిల్లలకు జ్వరమొస్తే మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది. భూగోళం పాఠానికి అట్టముక్కలతో కొండలూ లోయలూ తానే అతికించేది. మొదట్లో భాష నేర్చుకోవాలని గట్టిగానే పట్టుబట్టింది. రోజుకు పది మాటలు చేతిపుస్తకంలో రాసుకునేది. ఒక ఉదయం ప్రార్థన ముందు పిల్లల్ని "తలలు వంచండి" అనబోయి "తలలు తెంచండి" అంది. హాలంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. దుబాసీ టీచరు కూడా రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆవిడా నవ్వేసింది గానీ, ఆ వారం తర్వాత చేతిపుస్తకం ఎవరికీ కనబడలేదు.

"నువ్వున్నావుగా, నాకెందుకిక?" అనేది. ఆ మాట వింటే దుబాసీ టీచరుకు కడుపు నిండినట్టుండేది. తాను ఒక రోజు సెలవు పెడితే బడి మూగబోతుందని ఆడపడుచుతో గొప్పగా చెప్పుకునేది కూడా.

మిషనమ్మగారు వచ్చిన తొమ్మిదో ఏట, బడి వార్షికోత్సవానికి నలభైమంది పిల్లలు కలిసి చర్చిలో బలిపీఠం మీద పరిచే గుడ్డ ఒకటి కుట్టారు. తెల్లటి నేత మీద తెల్లదారంతో ద్రాక్షతీగెలు. ఆరు నెలల పని. ఆ గుడ్డను ఇస్త్రీ చేసే బాధ్యత దుబాసీ టీచరు తానే తీసుకుంది, పిల్లల చేతికిస్తే పాడుచేస్తారని.

కుట్టుగదిలో సగం ఇస్త్రీ అయ్యేసరికి వరండాలోంచి ఆడపడుచు కేకేసింది. ఆమె మిషన్ ఆఫీసులో టైపిస్టు.

"వదినా, ఒక్క నిమిషం ఇలా రా! నీ పేరే పైకి పంపారు. వచ్చే నెల నుంచి పెద్ద టీచరువి నువ్వే!"

ఇస్త్రీపెట్టె నిలబెట్టానో పడుకోబెట్టానో కూడా చూసుకోకుండా దుబాసీ టీచరు బయటికి పరుగెత్తింది. ఇద్దరూ చేతులు పట్టుకుని చిన్నపిల్లల్లా గంతులేశారు. కాలిన వాసన వచ్చి వెనక్కి తిరిగేసరికి కుట్టుగది గుమ్మంలో మిషనమ్మగారు నిలబడి ఉంది. గదిలో పదమూడేళ్ళ హాస్టలు పిల్ల ఒకతె ఇస్త్రీపెట్టె పట్టుకుని బిక్కమొహం వేసింది. బక్కగా చిన్నగా ఉంటుందని ఆ పిల్లను అందరూ పిచ్చుక అనేవారు. గుడ్డ మధ్యలో అరచేయంత నల్లటి చిల్లు.

"ఏం జరిగిందో అడుగు," అంది మిషనమ్మగారు.

దుబాసీ టీచరు అడిగింది. పిచ్చుక ఆమె మొహంలోకి సూటిగా చూస్తూ చెప్పింది.

"పొగ వస్తుంటే పరుగెత్తుకొచ్చానండీ. స్విచ్చి ఆపి పెట్టె పైకెత్తాను. గుడ్డ మీద పెట్టి వెళ్ళింది మీరే కదా టీచరుగారూ."

ఆ మాట దుబాసీ టీచరు చెవిలో పడింది. నోట్లోంచి మాత్రం వేరే మాట వచ్చింది, అదీ ఆవిడ భాషలో, ఎక్కడా తడబడకుండా. "పొరపాటు తనదేనంటోంది. క్షమించమంటోంది."

మిషనమ్మగారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వంగి పిల్లను గుండెకు హత్తుకుంది. "చెప్పు, నిజం ఒప్పుకున్నందుకు నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పు. పూర్తిగా క్షమించానని చెప్పు."

"అమ్మగారు నిన్ను క్షమించారు," అంది దుబాసీ టీచరు, నేల చూస్తూ.

"దేనికండీ?" అంది పిచ్చుక.

"ఏమంటోంది?"

"మీకు కృతజ్ఞతలంటోంది."

సాయంత్రానికి పిల్ల తల్లికి కబురు వెళ్ళింది. ఆమె ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే మనిషి. తడిచేతులతోనే వచ్చింది. పిచ్చుక "నేను కాదమ్మా" అని నోరు తెరవగానే అందరి ముందూ చెంప ఛెళ్ళుమనిపించింది. "ఒప్పుకున్నావని అమ్మగారంతటావిడ చెబుతుంటే మళ్ళీ మాట మారుస్తావా?" అంది. మిషనమ్మగారు అడ్డం వెళ్ళింది. దుబాసీ టీచరు కదల్లేదు. ఆ క్షణంలో నోరు విప్పి ఉంటే సరిపోయేది. ఆ సంగతి ఆమెకు అప్పుడే తెలుసు. రేపు చెబుదామనుకుంది. రేపటికి పెద్ద టీచరు కాగితం వచ్చేసింది. రెండు నెలలకు పిచ్చుక బడి మానేసింది.

అక్కడితో ఆగితే ఏమోగానీ, మిషనమ్మగారికి ఆ సంఘటన మనసులో పాతుకుపోయింది. ఏటా బడి తెరిచిన మొదటి ఉదయం, అబద్ధసాక్ష్యం చెప్పకూడదన్న ఆజ్ఞ, లూథరన్ల లెక్కలో ఎనిమిదోది, బోధిస్తూ, కొత్తగా చేరిన పిల్లలకు అదే చెప్పేది. నిజం చెప్పడానికి భయపడని ఒక చిన్నపిల్ల కథ. పక్కన నిలబడి దుబాసీ టీచరు దాన్ని వాక్యం వాక్యంగా పిల్లలకు తెలియజెప్పాలి. మొదటి ఏడు మాటమాటకీ దగ్గుతూ నెట్టుకొచ్చింది. రెండో ఏడు జ్వరమని ఇంట్లో పడుకుంటే, ఆమె వచ్చేదాకా ఆ పాఠమే వాయిదా వేశారు. నాలుగో ఏటికి మాటలు కంఠతా వచ్చేశాయి. అన్నిటికన్నా ఆమెకు తన మీద అసహ్యం పుట్టించింది అదే. తడబడకుండా, చక్కగా, పిల్లల కళ్ళు చెమర్చేలా చెప్పగలగడం. పదకొండుసార్లు చెప్పింది.

ఆ పదకొండో ఏడే మిషనమ్మగారు స్వదేశానికి వెళ్ళిపోతున్నదని తెలిసింది. వీడ్కోలు సభలోనూ ఆవిడ ఆ కథే ఎత్తుకుంది. ఈసారైనా నిజం చెప్పేయాలని దుబాసీ టీచరు రాత్రంతా మాటలు కూడగట్టుకుని వచ్చింది. మైకు ముందు ఆరువందల మొహాలు చూసేసరికి పాత మాటలే బయటికొచ్చాయి. చప్పట్లు మోగాయి.

సభ ముగిశాక ఆమె తిన్నగా మిషనమ్మగారి గదికి వెళ్ళింది. ఆవిడ ట్రంకుపెట్టెలో పుస్తకాలు సర్దుకుంటోంది. దుబాసీ టీచరు తలుపు మూసి, కూర్చోకుండానే మొత్తం చెప్పేసింది.

మిషనమ్మగారు చేతిలో ఉన్న పుస్తకాన్ని పెట్టెలో సర్దకుండా పక్కన పెట్టింది. తర్వాత నెమ్మదిగా అంది. "ఆ పిల్ల అన్నది అన్నట్టు చెప్పు. ఒక్క మాట వదలకుండా."

పదకొండేళ్ళ తర్వాత దుబాసీ టీచరు ఆ నాలుగు వాక్యాలూ సరిగ్గా అనువాదం చేసింది. చివర "దేనికండీ" దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"ఆ మాట నాకు అప్పుడే తెలుసు. నా చేతిపుస్తకంలో మొదటి పేజీలో ఉంది. ఆ పిల్ల ఏదో అడుగుతోందని నాకు వినిపించింది. నువ్వు కృతజ్ఞతలన్నావు. నాకు కావలసింది అదే కాబట్టి ఊరుకున్నాను." ఆవిడ పుస్తకాల మీద కూలబడింది. "ఒకసారి నవ్వారని సిగ్గుపడి ఇరవయ్యేళ్ళు నీ నోటితో బతికాను. ఆ పిల్ల ఎక్కడుంది?"

పిచ్చుక బజారులో ఒక కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేస్తోంది. ఇరవైనాలుగేళ్ళు. లోపలికి వచ్చినవాళ్ళను గుర్తుపట్టింది గానీ లేవలేదు. "ఒక్క నిమిషం ఆగండి, అద్దం పని మధ్యలో ఉంది," అంది. ఇద్దరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. సానరాయి గీరుకుంటున్న చప్పుడు ఆగాక, మిషనమ్మగారు దుబాసీ టీచరు వైపు చూడకుండా, తనకొచ్చిన ముక్కలతో తానే మాట్లాడింది.

"తప్పు... నీది లేదు. మాది. నేను వినలేదు."

పిచ్చుక అద్దం కింద పెట్టి, "మీకు మన మాటలొచ్చా అమ్మగారూ?" అంది. అందులో వెటకారం లేదు. అది ఇంకా గట్టిగా తగిలింది.

దుబాసీ టీచరు నోరు తెరవబోతే పిచ్చుక తల అడ్డంగా ఊపింది. "క్షమించమని మాత్రం అడక్కండి టీచరుగారూ. క్షమించడమంటే ఏంటో నేను ఆరోజే చూశాను. మీరు చెప్పాల్సింది నాకు కాదు, మా అమ్మకి. నన్నేమన్నా పడతాను గానీ, ఇప్పటికీ ఏ వస్తువు విరిగినా అమ్మ మొదట నా మొహమే చూస్తుంది."

తల్లి దుకాణం వెనక గదిలోనే ఉంది. ఆసుపత్రి పని మానేసి చాలా ఏళ్ళయింది. పీట మీద కూర్చుని దుబాసీ టీచరు చెప్పిందంతా వింది. విన్నాక తన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది.

"చెప్పకుండా పోయినా బాగుండేది టీచరుగారూ," అంది. "మీరు బరువు దించుకున్నారు. మరి నేను కొట్టిన దెబ్బను ఎక్కడ దించుకోను?"

గుమ్మంలో నిలబడ్డ పిచ్చుక లోపలికి వచ్చి తల్లి పక్కన కూర్చుంది. వచ్చినవాళ్ళను కూర్చోమనలేదు. కాసేపటికి వాళ్ళే బయటికి నడిచారు.

మిషనమ్మగారు అనుకున్న రోజుకే ప్రయాణమైంది. దుబాసీ టీచరు మరుసటి సోమవారం ఉదయం ప్రార్థనలో, ఈసారి ఎవరి మాటా తర్జుమా చేయకుండా, తన మాటగా జరిగింది చెప్పి పెద్ద టీచరు కుర్చీ ఖాళీ చేసింది. "ఎప్పటి సంగతో, ఇప్పుడు తవ్వుకోవడం ఎందుకు వదినా?" అని ఆడపడుచు వారం రోజులు మాట్లాడలేదు. కొందరు తల్లులు మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఆమె తల ఎత్తి తీసుకోలేకపోయింది. మళ్ళీ మూడో తరగతికి లెక్కలు చెబుతోంది. పిల్లల మధ్య తగవొస్తే ఇద్దరి మాటా చివరిదాకా విని, "ఇదేనా నువ్వన్నది?" అని ఇద్దరినీ అడుగుతుంది. అందువల్ల ఆమె తరగతిలో పాఠం ఎప్పుడూ వెనకబడే ఉంటుంది.

చూపు మందగించి ఇప్పుడు తరచూ కళ్ళద్దాలు మార్చుకోవాల్సి వస్తోంది. బజారులో ఆ దుకాణం ఇంటికి పది నిమిషాల దూరం. ఆమె మాత్రం బస్సెక్కి పక్క ఊరికి వెళ్ళి వస్తుంది.