జీపు గీసిన రెండు గీతలు

వెండెల్ హౌగెన్‌కి ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. మైనట్ ఊళ్లో నలభై ఏళ్లు ధాన్యం గోదాములో కదలకుండా పని చేసినందుకు కసి తీర్చుకుంటున్నట్టు, రిటైరైన మర్నాడే లోపల కాపురం ఉండేంత పెద్ద బండి, మోటార్‌హోమ్, కొన్నాడు. దాని వెనక పాత జీపు తగిలించాడు. పన్నెండేళ్లుగా అక్టోబరు రాగానే ఆ జీపుని పదహారు వందల మైళ్లు అరిజోనా ఎడారికి లాక్కుపోతాడు, ఏప్రిల్లో మళ్లీ లాక్కొస్తాడు. బస్సంత బండి ఎడారి రాళ్ల దారుల్లో తిరగదు కదా, అక్కడ జీపే దిక్కు.

నేనూ అలా కొట్టుకుపోయే రకాన్నే. దారిలో ఏటా వయొమింగ్‌లో, ఇలాంటి బళ్లు ఆగే ఒకే పార్కులో కలుస్తాం. ఈ ఏడు మాత్రం వెండెల్ కాలుగాలిన పిల్లిలా నా బండి చుట్టూ తిరిగాడు. కాఫీ ఇస్తే తాగడు, కుర్చీ వేస్తే కూర్చోడు.

"ఏంట్రా, ఒంటిమీద చీమలు పాకుతున్నాయా?" అన్నాను.

"ఆర్డిస్ ఆఖరి మాట చెప్పేసిందిరా మెర్ల్. ఎండాకాలంలో బండికి పెట్టిన కరెంటు తీగ పీకడం మర్చిపోయి బండి కదిలించేశాను. ఇంకొక్క తప్పు జరిగిందా, బండి అమ్మేసి మైనట్‌లోనే ఉందామంది."

"ఉంటే ఏమైంది? ఇల్లుందిగా!"

"ఆ ఇంటి కిటికీలోంచి ఏం కనబడుతుందో తెలుసా? గోదాము!"

ఆర్డిస్ అతని భార్య. అన్నదంటే చేసే మనిషి.

మర్నాడు పొద్దున్నే వెండెల్ జీపు తగిలించడం మొదలుపెట్టాడు. తగిలించేవాడితో ఎవరూ మాట్లాడకూడదు. మా పార్కుల్లో ఇది రాయని చట్టం. మీ కుక్క తప్పిపోయినా సరే, అతను చేతులు తుడుచుకునే దాకా ఆగాల్సిందే. ఆ పనంతా ఒక వరసలో జరగాలి. ముందు రెండు బళ్లనీ కలిపే కడ్డీ, తర్వాత గొలుసులు, లైట్ల తీగ, ఆఖరికి జీపులో గేరు పక్కనుండే చిన్న లివర్. దాన్ని న్యూట్రల్‌లోకి లాగకపోతే వెనక చక్రాలు తిరగవు. పెద్ద బండి బలానికి జీపు అలాగే ఈడ్చుకుపోతుంది, నడిపేవాడికి తెలియను కూడా తెలియదు.

ఇదంతా తెలిసీ నోరు జారాను. నా నోటికి తాళం లేదని మా ఆవిడ పోయేదాకా అంటూనే ఉండేది. వెండెల్ జీపులోకి వంగి ఉన్నాడు.

"ఒరేయ్, మధ్యాహ్నానికి మంచు పడుతుందట, త్వరగా కానీ!"

తల తిప్పి నావైపు చూశాడు. సరేనని చెయ్యూపి, దిగి తలుపేశాడు. కాసేపటికి అతనూ ఆర్డిస్ ఇద్దరూ బయల్దేరిపోయారు.

కప్పు కడుక్కుని బయటికొస్తే, కంకర మీద వాళ్ల చోటు నుంచి గేటు దాకా రెండు గీతలు, నాగలి చాళ్లలా. ఆ లివర్ లాగలేదన్నమాట. ఫోన్ చేస్తే ఎత్తరు. నా పికప్ ట్రక్కు ఎక్కి వెంటపడ్డాను. తారు రోడ్డెక్కాక గీతలు నల్లగా మారాయి. నాలుగు మైళ్లు పోయాక పొగ కనబడింది. హారన్ కొట్టి కొట్టి ఆపించాను.

జీపు వెనక టైర్లు తీగలు బయటపడేదాకా అరిగిపోయాయి. వాటిని చూసి వెండెల్ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆర్డిస్ దిగొచ్చి చేతులు కట్టుకుంది.

"నే చెప్పిన ఆ ఇంకొక్క తప్పు ఇదే కదూ?"

"తప్పు నాది" అన్నాను. "తగిలించేటప్పుడు నేనే పలకరించాను. తిట్టాలంటే నన్ను తిట్టు."

ఆర్డిస్ అటు తిరిగింది. "నిజమేనా వెండెల్?"

ఒక్కసారి తలూపితే చాలు. ఊపరా వెధవా అని లోలోపల దణ్ణం పెట్టుకుంటున్నాను.

వెండెల్ నన్ను తేరిపార చూశాడు. "వీడు నాతో మాట్లాడాడా? ఎప్పుడు?"

తప్పు నా మీదికి రానివ్వకూడదని అబద్ధమాడుతున్నాడనుకున్నాను. "పొద్దున్నే కదరా, మంచు సంగతి చెప్పాను. చెయ్యి కూడా ఊపావు."

"లేదురా. పొద్దున్నుంచి నిన్ను చూడనే లేదు. ఇదే చూడ్డం."

ఆర్డిస్ కట్టుకున్న చేతులు విప్పేసింది. కోపం పోయింది. కోపం పోయాక ఆ మొహం చూసి, కోపమే నయమనిపించింది నాకు. కరెంటు తీగ ఎవరైనా మర్చిపోతారు. పొద్దున్న చెయ్యూపిన సంగతే గుర్తులేకపోవడం అలాంటిది కాదు. సాయం చేద్దామని నోరు తెరిచి, అతను దాచుకుంటున్నదో, అతనికే తెలియనిదో బయటపెట్టాను. నా నోరు పడిపోతే బాగుండుననిపించింది.

"తాళాలియ్యి" అంది ఆర్డిస్.

ఇచ్చాడు. "మైనట్‌కేనా?"

"కాదు. టైర్లు మార్పించుకుని అరిజోనాకే. ఇకమీదట నడిపేది నేను, తగిలించేది నేను. నువ్వు పక్కన కూర్చుని చూడు. ఎంత చూడగలిగితే అంత చూడు."

కోతల్లో ధాన్యం లారీలు నడిపిన మనిషి, ఆమెకి చేతనవుతుంది. చేతకానిదల్లా ఆ ఇంట్లో, ఆ కిటికీ ముందు అతన్ని కూర్చోబెట్టడం.

వెండెల్ మొహం వెలిగిపోయింది. నా పక్కకొచ్చి మోచేత్తో పొడిచాడు.

"చూశావురా? మెత్తబడింది! పైకలా ఉంటుంది గానీ, మా ఆవిడ మనసు వెన్న."

"అవున్రా" అని నవ్వాను. ఆర్డిస్ గొలుసులు విప్పుతూ, వీపు మావైపు పెట్టి ఏడుస్తోంది.