కోటు కొలత

డెల్మర్ యోస్ట్ మా ఊరి హార్డ్‌వేర్ దుకాణంలో తుపాకుల బల్ల వెనక నిలబడి ఉత్తర పెన్సిల్వేనియా కొండల్లోని సగం మంది వేటగాళ్ళ తుపాకుల మీద స్కోపులు, అంటే గురి చూసే దుర్భిణులు, బిగించాడు. అదే దుకాణంలో మేకులూ పెయింటు డబ్బాలూ అమ్మేవాళ్ళని ఆయన పలకరించేవాడు గానీ, వాళ్ళదీ ఒక పనే అనుకునేవాడు కాదు.

ఎవరొచ్చినా ఆయన అడిగే మొదటి మాట ఒకటే.

"కోటేది?"

జులై నెలైనా సరే, లేకపోతే ఇంటికి పంపేవాడు. వేటకి వేసుకునే ఉన్ని కోటు తెచ్చి తొడుక్కుని, బొత్తాలన్నీ పెట్టుకుని, తుపాకి భుజానికి ఆనించి, కళ్ళు మూసుకుని చెంప తుపాకి వెనక కర్ర మీద పెట్టాలి. అప్పుడు కళ్ళు తెరవమనేవాడు. చుట్టూ నల్లటి అంచు లేకుండా బొమ్మ నిండుగా కనిపించేదాకా స్కోపుని అది పట్టి ఉంచే రింగుల్లో ముందుకీ వెనక్కీ జరిపేవాడు. ఆ తర్వాతే స్క్రూలు. వాటిని కూడా ఒకేసారి కాకుండా, అటొకటి ఇటొకటి కొంచెం కొంచెంగా తిప్పేవాడు.

"ఉక్కతో చస్తున్నాను డెల్మర్."

"జింక జులైలో రాదు. మంచులో నించున్నప్పుడు కోటు మందం నీ కంటిని వెనక్కి నెడుతుంది. ఆ మందంతోనే కొలవాలి."

రింగుల ఎత్తు దగ్గర ఇంకా మొండి. స్కోపుకీ గొట్టానికీ మధ్య కాగితం ముక్క దూరితే చాలు, అంతకంటే పైకి లేవకూడదు. మావాళ్ళకేమో అప్పట్లో స్కోపుని ఎత్తులో నిలిపే మౌంట్ల మోజు. వాటికి స్కోపు కింద కిటికీలాంటి కంత ఉంటుంది. అందులోంచి తుపాకి మీది పాత గురి ముల్లు కూడా చూసుకోవచ్చు. రెండూ కనిపిస్తాయి, చెంప మాత్రం దేనికీ ఆనదు. డెల్మర్ భార్య ఎర్మా తమ్ముడు హార్లన్ స్నేవ్లీ తుపాకికి అవే ఉండేవి.

"ఆ మేడెక్కి చూస్తే జింకేం కనిపిస్తుందిరా, పక్క కౌంటీ కనిపిస్తుంది" అనేవాడు డెల్మర్.

"నీకు రెండు కళ్ళున్నాయిగా బావా. నా తుపాకికీ రెండుంటే నీకేం పోయింది?"

పోయేది హార్లన్ చొక్కాయే. గురి తప్పినవాడి చొక్కా వెనక అంచు కత్తిరించి, పేరు రాసి, అడవిలోని మా వేట క్యాంపు గోడకి మేకుతో కొట్టడం ఆనవాయితీ. హార్లన్ పీలికలతో దుప్పటి కుట్టొచ్చు. క్యాంపు కట్టినప్పటినుంచీ వస్తున్న డెల్మర్‌ది మాత్రం ఒక్కటీ లేదు. బల్ల దగ్గర ఆయన మాట చెల్లేది దానివల్లే. జింకని పోగొట్టుకున్నవాడు చెబితే జులైలో ఉన్ని కోటు ఎవరు వేసుకుంటారు?

ఆ ఏడు డెల్మర్ తన తుపాకికి కొత్త స్కోపు తీసుకున్నాడు. వంటింట్లో కోటు వేసుకుని, ఉన్నవాటిలోకెల్లా పొట్టి రింగులు ఏరి బిగించుకున్నాడు. ఎర్మా కుకీలు కాలుస్తోంది. చెమటలు కారుతున్నా ఆయన ఒక్క బొత్తామూ విప్పలేదు.

వేట మొదటి రోజు, థాంక్స్‌గివింగ్ పండగ తర్వాతి సోమవారం, చలికాలమైనా మే నెలలా వెచ్చగా తెల్లారింది. క్యాంపులో బీట్‌రూట్ నీళ్ళలో ఊరిన గుడ్లు తిని మేం కోట్లు చిలక్కొయ్యలకి తగిలించబోతే డెల్మర్ గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు.

"విప్పొద్దు. మీ స్కోపులు కోటు మీద కొలిచినవి."

ఎవరమూ విప్పలేదు. ఆయన మాట అలాంటిది.

తొమ్మిదింటికి ఆయన కూర్చున్న కొండవైపు నుంచి ఒక్క పేలుడు వినిపించింది. రెండోది లేదు. ఒక్కటే అంటే జింక పడినట్టే. హార్లన్, నేనూ ఈడ్చుకురావడానికి తాడు పట్టుకుని వెళ్ళాం.

డెల్మర్ కనుబొమ్మకి రుమాలు అదిమిపెట్టుకుని దుంగ మీద కూర్చున్నాడు. జింక లేదు, నెత్తురు మరకైనా లేదు.

"కొమ్మ తగిలింది" అన్నాడు.

హార్లన్ రుమాలు తప్పించి చూశాడు. కనుబొమ్మ మీద అర్ధచంద్రాకారంలో గాటు.

"ఇంత గుండ్రటి కొమ్మ ఏ చెట్టుకి కాసింది బావా?"

డెల్మర్ రుమాలు మళ్ళీ అదుముకున్నాడు. ఒంటి మీద చొక్కా, దానిపై పల్చటి నారింజరంగు వేట జాకెట్, అంతే. హార్లన్ చుట్టూ చూశాడు. ఉన్ని కోటు ఆయన వెనక హెమ్లాక్ చెట్టు కొమ్మకి వేలాడుతోంది.

"కోటేది?" అన్నాడు హార్లన్, డెల్మర్ గొంతుతోనే.

"కొండెక్కేసరికి ఉడికిపోయాను" అన్నాడు డెల్మర్ చివరికి. "జింక పైన నించుంది. ఎత్తి చూస్తే కన్ను మరీ ముందుకొచ్చింది. అంతా నలుపు. వెతుక్కునేలోపే పేలింది, తుపాకి వెనక్కి తన్ని స్కోపొచ్చి కొట్టింది."

"మేమందరం కోట్లలోనే ఉన్నాం బావా. ఇక విప్పొచ్చా?"

సాయంత్రం క్యాంపులో డెల్మర్ తనంతట తానే చొక్కా అంచు పైకి లాగి వెనక్కి తిరిగి నిలబడ్డాడు. హార్లన్ కత్తిరించాడు. పేరు రాసి, బల్లెక్కి, వాసం కింద మేకు ఆనించాడు.

"అంత పైనెందుకురా? నీకు ఏదైనా ఎత్తులో బిగించే జబ్బు."

హార్లన్ దిగి, తన పీలికల పక్కనే కొట్టాడు. "ఇంత సందు చాలా బావా?"

డెల్మర్ వంగి చూసి, స్క్రూలు తిప్పే వేలితో తడిమాడు. "చాలు" అన్నాడు.

ఇక జులైలో కోటెవరూ తేరని మేం అనుకున్నాం. మరుసటి వేసవిలో మనుషులు ఆయన కనుబొమ్మ మీది మచ్చ చూసి, అడక్కుండానే కోట్లు పట్టుకొచ్చారు. డెల్మర్ కోటు మీద ఒకసారి, విప్పించి చొక్కా మీద ఇంకోసారి కొలిచి, రెండింటికీ మధ్యలో బిగించేవాడు. అందుకు ఇంతకుముందుకంటే రెట్టింపు సేపు పట్టేది. హార్లన్ మాత్రం కోటూ తేలేదు, మౌంట్లూ మార్చలేదు.