అయిదో కాలు

“పాసయితే నాకెట్ల తెలిసేది పాపా?”

“ఈ బస్సులో మళ్లా కనబడలేదంటే పాసయినట్టే అవ్వా.”

అంటూ ఆత్మకూరులో దిగిపోయింది ఆ పిల్ల. ఇప్పటికీ బస్సెక్కితే సీట్లన్నీ చూస్తాను, కనబడకూడదని.

కెమిస్ట్రీ పరీక్ష ఒకసారి తప్పి, మళ్లా రాయడానికి పోతోందట. ఈసారీ తప్పితే మళ్లా పరీక్ష వచ్చేదాకా మేకల వెంట పంపుతానన్నాడట వాళ్ల నాయన. ఉదయగిరిలో ఎక్కింది మొదలు రాయడం, చెరపడం.

“ఏందమ్మా అది?”

“నీళ్లు తయారయ్యే లెక్క అవ్వా. రెండు పక్కలా ఆక్సిజన్ సమానం కావాల. ఇటు రెండు, నీళ్లలో ఒకటే ఉండాది.”

“అయితే ఆ అక్షరం కింద రెండు వేసెయ్.”

పిల్ల పకపకా నవ్వింది. “కింద అంకె మారిస్తే అవి నీళ్లే కావు. కాళ్లు చాలకుంటే ఇంకో మేకను తోలుకొస్తాం గానీ, ఉన్నదానికి అయిదో కాలు పెడతామా?”

నవ్వుతూనే కాగితం చూసి ఆగిపోయింది. తానూ అంతకుముందు కింది అంకెనే మార్చిందట. చెరిపేసి, నీళ్ల ముందర రెండు వేసింది. ఆ తర్వాత ఇక తడబడలేదు.

మా ఆయన పోయినప్పటి నుంచీ మేకలు కాసేది నేనే. అయినా ఆ అయిదో కాలు మాట నాకు తట్టలేదు.

నేను చెప్పిందంతా రాసినావా కోడలా? ఆ పిల్ల నవ్విన కాడి నుంచి చదువు, విందాం.