ఖాజా భాయ్ తడి నూలు

కరోనా తర్వాత కాలేజీలు తెరిచిన ఏడాది. వరంగల్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీ కెమికల్ ల్యాబ్‌లో నేను టెక్నీషియన్‌ని. అక్కడ వెటెడ్ వాల్ కాలమ్ అనే నిలువు గాజు గొట్టం ఉంది. దాని లోపలి గోడ మీదుగా కాస్టిక్ సోడా నీళ్లు పలుచని పొరగా జారుతుంటాయి. కార్బన్ డయాక్సైడ్ ఆ పొరలోకి దిగీ దిగగానే కాస్టిక్‌తో కలిసిపోతుంది. కంటికి మాత్రం ఏమీ కనపడదు. ఇరవై ఏళ్లుగా పిల్లలకు "జరుగుతోంది, నమ్మండి" అని చెప్పడమే నా పని.

ఆ ఎండాకాలం కొత్తవాడ నుంచి ఖాజా భాయ్ వచ్చాడు. దర్రీ తివాచీల నూలుకు నీలిరంగు అద్దే మనిషి. తన నూలుతో రుద్దిన తెల్లగుడ్డ చూపించాడు. గుడ్డంతా నీలం.

"రంగు ఊడుతాంది మేడం. ఇంకోసారి గిట్లయితే నూలు వేరేటోళ్లకు ఇస్తమంటున్రు నేసేటోళ్లు. రంగు మందే కల్తీ. జర పరీక్ష చేయుండ్రి."

పరీక్షిస్తే మందులో ఏ దోషమూ లేదు. మర్నాడు తొట్టి చూద్దామని వాళ్లింటికి వెళ్లాను.

తొట్టిలోంచి తీసిన నూలు పోగుల కట్ట, చిలప, పసుపుపచ్చగా ఉంది. చూస్తుండగానే ఆకుపచ్చగా మారి, ఆ తర్వాత నీలమైంది. గాలిలోని ఆక్సిజన్ నూలు మీది తడి పొరలోకి దిగి రంగు మారుస్తోంది. నా గొట్టంలో ఇరవై ఏళ్లు దాక్కున్నది ఇక్కడ దండెం మీద, పట్టపగలు జరుగుతోంది! సిగ్గు లేకుండా "ఇంకోటి తీయండి" అని నాలుగుసార్లు అడిగాను.

నాలుగోసారి గమనించాను. భాయ్ కర్రతో మెలితిప్పి పిండాక కూడా నీళ్లు కారుతున్నాయి. తడి ఎక్కువైతే నీలం, పోగు లోపల కాకుండా పైనున్న నీళ్లలోనే తయారవుతుంది. గుడ్డకు అంటింది అదే.

"పిండడం సరిపోవట్లేదు భాయ్" అన్నాను. ఆయన తల దించుకున్నాడు.

భార్య రజియా అందుకుంది. "బండి మీదికెళ్లి పడ్డంక కుడిచేతిల బలం లేదు మేడం. కర్ర ఇయ్యమంటే ఇయ్యడు."

"పిండేటోడే ఉస్తాద్. మా అబ్బాజాన్ కర్ర అది. ఇచ్చినంక నేనెవల్ని?" అంటూ ఆయన కర్రను దగ్గరికి లాక్కున్నాడు.

"పిండడం ఎక్కడ ఆపాలో రజియాకు తెలుసా?" అని అడిగాను. ఆయన కర్ర ఆమె చేతికిచ్చి, తన వేళ్లు చిలప మీద ఆనించాడు. ఆమె తిప్పింది.

"ఇంక జర... ఇంక జర... బస్, చాలు."

అలా నాలుగు చిలపలు. వెంట తెచ్చుకున్న తూకం మీద పెట్టాను. నాలుగూ ఒకే బరువు, అంటే తడి కూడా ఒకటే! ఆ వేళ్ల ముందు నా గాజు గొట్టం ఏపాటిది?

ఉతికి, ఆరబెట్టి రుద్దితే గుడ్డ తెల్లగానే ఉంది. నూలు అద్దే పని ఆయన దగ్గరే ఉండిపోయింది.

ఇప్పుడు ఏటా పిల్లలను ముందు కొత్తవాడకే తీసుకెళ్తాను. నమ్మండని చెప్పే పని లేదు. ఖాజా భాయ్ "బస్" అనేదాకా ఒక్కరూ నోరు మెదపరు. నేనూ అంతే.